పాత చిల్లర నాణేల లోపాలు పట్టడానికి 10 రెట్ల ట్రిప్లెట్ లూప్: ఏం చూపిస్తుంది, ఏం చూపించదు

పాత పైసలు, సెంట్లు, పెన్నీల మీద టంకశాల తప్పులు వెతికేవాళ్ళు ఒకే ఒక్క పరికరం కొనాలంటే 10 రెట్ల ట్రిప్లెట్ లూప్, అంటే కంటికి దగ్గరగా పెట్టుకుని చూసే చిన్న భూతద్దం, కొనాలి. డబ్బా మీద 60 రెట్లనీ 1000 రెట్లనీ రాసి ఉన్నవి వద్దు. నాణెం మీద కనిపించే గీత టంకశాలలో పుట్టిందా, చేతులు మారుతూ పడిందా అన్నది దాన్ని ఎంత పెద్దది చేసి చూశామన్న దాన్ని బట్టి తేలదు. ఆ గీత పైకి లేచి ఉందా, లోపలికి దిగి ఉందా అన్న దాన్ని బట్టి తేలుతుంది. ఎత్తా పల్లమా అన్న ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పే పరికరం కావాలి. మంచి 10 రెట్ల లూప్, పక్కన ఒకే ఒక్క దీపం ఉంటే ఆ జవాబు వస్తుంది.

ఎత్తుపల్లాలకి ఇంత విలువ ఎందుకంటే, నాణెం కొట్టే అచ్చు, అంటే డై, నాణేనికి తిరగేసిన రూపం. నాణెం మీద ఉబ్బెత్తుగా ఉండే బొమ్మ డైలో గుంటగా ఉంటుంది. డై పగిలితే ఆ పగుల్లోకి లోహం ఎక్కి నాణెం మీద సన్నటి గట్టులా లేస్తుంది. డై మీద గీత పడినా అంతే, చిన్న ముక్క ఊడినా అంతే. డై ఇలా దెబ్బతిన్న చోట నాణెం మీద లోహం అదనంగా ఉంటుంది. నాణేన్నే ఎవరైనా గీరితే లోహం పోయి పల్లం పడుతుంది. మొదలుపెట్టినవాళ్ళు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

ముందు లూప్ సంగతి. ట్రిప్లెట్ అంటే మూడు కటకాలు అతికించి చేసినది. ఒకే కటకం ఉన్న చవక భూతద్దంలో నడిమి భాగం తప్ప అంచులు వంగిపోతాయి, నలుపు తెలుపు కలిసేచోట ఊదా, పసుపు రంగుల అంచు కనిపిస్తుంది. రాగి నాణెం మీద ఆ రంగు అంచు అక్షరం పక్కన నీడలా పడి, లేని డబుల్ ముద్రని చూపిస్తుంది. ట్రిప్లెట్‌లో ఈ రెండు దోషాలూ చాలావరకు సరిచేసి ఉంటాయి. చేతికి వచ్చిన లూప్ నిజంగా ట్రిప్లెట్టేనా అన్నది గ్రాఫ్ కాగితం మీద పెట్టి చూస్తే తేలిపోతుంది. గడుల గీతలు అంచు దాకా నిటారుగా ఉండాలి, తెల్లకాగితం మీది నల్ల గీతకి రంగు అంచు ఉండకూడదు.

రెట్ల లెక్క కూడా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కిటికీకి ఎదురుగా గదిలో ఆ చివర నిలబడి, లూప్ వెనక తెల్లకాగితం పట్టుకుని, కిటికీ బొమ్మ కాగితం మీద తలకిందులుగా స్పష్టంగా పడేదాకా ముందుకీ వెనక్కీ జరపాలి. కటకం మధ్య నుంచి కాగితం దాకా ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి, 250ని దానితో భాగించాలి. 25 మిల్లీమీటర్లు వస్తే 10 రెట్లు. 50 వస్తే 5 రెట్లే. పెద్ద అద్దం మీద 30 అని చెక్కి ఉన్న చవక లూపులు ఈ పరీక్షలో దాదాపు ఎప్పుడూ తప్పుతాయి. నిజంగా 30 రెట్లు కావాలంటే ఇప్పుడు కొలిచిన ఆ దూరం, అంటే నాభ్యంతరం, 8 మిల్లీమీటర్ల చిల్లర ఉండాలి. అంత వంపు ఉన్న కటకాన్ని 21 మిల్లీమీటర్ల వెడల్పుతో చేయడం కుదిరే పని కాదు. ఈ పరీక్షకి కిటికీ చాలు, సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి.

పట్టుకునే పద్ధతి తప్పితే ఎంత మంచి లూప్ అయినా దండగే. భూతద్దంతో పేపరు చదివినట్టు లూప్‌ని నాణెం మీద ఉంచి దూరం నుంచి చూస్తే కనిపించేది నాణెంలో ముక్క మాత్రమే. లూప్‌ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, ఆ చేతి వేలిని చెంపకి ఆన్చి, రెండో చేత్తో నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని 25 మిల్లీమీటర్ల దూరానికి తేవాలి. రెండు చేతులూ ఒకదానికొకటి తగిలి ఉంటే వణుకు తగ్గుతుంది. రెండో కన్ను మూయనక్కర్లేదు, తెరిచి ఉంచితే అలసట తక్కువ.

దీపం ఒక్కటే ఉండాలి, పక్క నుంచి రావాలి, నాణేనికి కాస్త ఎత్తులో ఉండాలి. గది దీపాలు ఆర్పేయండి. వెలుగు ఎడమ నుంచి వస్తుంటే, లేచి ఉన్న గీతకి ఎడమ పక్క మెరుస్తుంది, కుడి పక్క నీడ పడుతుంది. దిగిన గీతకి సరిగ్గా తిరగబడుతుంది: ఎడమ గోడ చీకటి, కుడి గోడ మెరుపు. అయినా కన్ను మోసపోతుంది. వెలుగు ఎటు నుంచి వస్తోందో మెదడు మరిచిపోతే గుంట గట్టులా, గట్టు గుంటలా కనిపించడం మామూలే. అందుకే అనుమానపు గీతని పక్కనున్న అక్షరంతో పోల్చి చూడాలి. అక్షరం లేచి ఉందన్నది మనకి తెలుసు కదా. అక్షరానికి ఏ పక్క మెరుస్తోందో గీతకీ ఆ పక్కే మెరిస్తే అది ఎత్తు. తర్వాత నాణేన్ని నిదానంగా ఒక చుట్టు తిప్పి ఇంకోసారి చూడాలి. ఈ అలవాటు పట్టుబడితే సగం పని అయినట్టే.

ఇక డై లోపాలు ఈ అద్దంలో ఎలా కనిపిస్తాయో చూద్దాం. పగులు సన్నగా, వంకరటింకరగా, ఎక్కువగా అంచు దగ్గర మొదలై అక్షరాల్లోంచి సాగుతుంది. ఒకే వెడల్పులో ఉండదు, అంచు దగ్గర లావుగా ఉండి లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. గీరు అలా కాదు: తిన్నగానో ఒకే వంపుతోనో పోతుంది, దాని రెండు గట్ల మీదా తోసుకుపోయిన లోహం సన్నటి కట్టలా పేరుకుంటుంది. ఆ కట్టని చూసి లేచిన గీత అనుకునేవాళ్ళున్నారు. నడుమ కాలువ, పక్కన కట్ట కనిపిస్తే అది గీరే.

డై ముక్క అంచు దగ్గర పూర్తిగా ఊడిపోతే నాణెం మీద అక్షరాల్లేని నున్నటి ఉబ్బు అంచుని కలుపుకుని వస్తుంది. సేకర్తలు దాన్ని కడ్ అంటారు. కడ్ అనిపించగానే నాణెం తిప్పి రెండో వైపు సరిగ్గా అదే చోట చూడాలి. లోహం ఆ ఖాళీలోకి పారిపోయి ఉంటుంది కనుక వెనక వైపు ముద్ర అక్కడ బలహీనంగా పడుతుంది. వెనక ముద్ర నిండుగా, పదునుగా ఉంటే ఉబ్బు మీద అనుమానపడాలి, తర్వాత అతికిందో, అంచు నలిగి పొంగిందో అయ్యుండవచ్చు.

చిన్న ముక్కలు రాలేది ఇరుకు చోట్ల. అంకెల్లో 6, 8, 9 లోపలి గుండ్రాలు, అక్షరాల్లో బీ లోపలి గళ్ళు నాణెం మీద నేల మట్టంలో, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం మట్టంలో, ఉంటాయి. డైలో అవి చుట్టూ గుంట, మధ్యలో ఒంటరిగా నిలబడ్డ సన్నటి ఉక్కు మొటిమలు. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే ముందు విరిగేవి అవే. విరిగితే నాణెం మీద ఆ గుండ్రం పూడిపోతుంది. లింకన్ బొమ్మ ఉన్న అమెరికా సెంట్ల మీద లిబర్టీ మాటలో బీకీ ఈకీ మధ్య ఐ అక్షరంలా నిలువు కడ్డీ కనిపించడం ఈ జాతిదే. వాటిని బీఐఈ నాణేలంటారు, 1950ల నాణేల్లో బాగా దొరుకుతాయి. ఇవి అందమైనవే గానీ అరుదైనవి కావు. కొత్తవాళ్ళు అభ్యాసం చేయడానికి ఇంతకంటే మంచివి లేవు.

సానపట్టిన గీతలు ఇంకో తిరకాసు. డై నేలని సానబట్టినప్పుడు పడిన గీతలు నాణెం మీద వెంట్రుకల్లా, ఒకదాని పక్కన ఒకటి, లేచి కనిపిస్తాయి. వైరు బ్రష్‌తోనో పొడితోనో తోమిన నాణెం మీదా ఇలాంటి గీతల గుంపే ఉంటుంది. లూప్‌లో ఒక గీతని పట్టుకుని అక్షరం దాకా వెంబడించండి. సాన గీత అక్షరం మొదట్లో ఆగిపోయి అవతల వైపు మళ్ళీ మొదలవుతుంది. డైలో అక్షరం గుంటలో ఉంటుంది, సానరాయి ఆ గుంటలోకి దిగదు. తోమిన గీత అక్షరం నెత్తి మీద కూడా పాకుతుంది. తోమిన నాణెం విలువ పడిపోతుంది కనుక కొనేముందు ఈ ఒక్క పరీక్ష చేసినా లూప్ డబ్బులు వచ్చేసినట్టే.

సాన ఎక్కువైతే ముద్రలో భాగమే మాయమవుతుంది. 1937లో డెన్వర్ టంకశాలలో కొట్టిన అమెరికా 5 సెంట్ల నాణెం మీద అడవిదున్నకి ముందు కాలు ఒకటి లేకుండా పోయింది ఇలాగే. మామూలు నాణెం మీద కాలుని గీకేసి మూడు కాళ్ళ దున్న అని అమ్మేవాళ్ళు చాలామంది. లూప్‌కి ఇది సరైన పని. అసలు నాణెంలో పొట్ట కింద నుంచి దున్న నిలబడ్డ గట్టు వరకు వరసగా చిన్న లేచిన చుక్కలు జారినట్టు ఉంటాయి, కాలు ఉండాల్సిన చోట నేల ఆ డై నుంచి వచ్చిన సహజమైన తీరులో ఉంటుంది. గీకినదాంట్లో చుక్కలు ఉండవు, కాలు చోట పనిముట్టు గాట్లు లోపలికి దిగి కనిపిస్తాయి. డెన్వర్‌దే 1922 సెంటు ఇంకొకటి. ఆ ఏడు సెంట్లు కొట్టింది డెన్వర్ ఒక్కటే, అయినా కొన్నిటి మీద డెన్వర్ టంకశాల గుర్తైన డీ అక్షరం లేదు. ఇక్కడా గుర్తుని గీకేసిన నకిలీలు తిరుగుతుంటాయి, తేదీ కింద నేలలో గాట్లు వెతకాలి.

మధ్యలో బిళ్ళ, అంటే ఇంకా ముద్ర పడని లోహపు ముక్క, పడకుండా పై డై కింది డై ఒకదానితో ఒకటి కొట్టుకుంటే బొమ్మ వైపు నేల మీద బొరుసు వైపు ఆకారపు అంచు రేఖ మసగ్గా, తిరగేసి కనిపిస్తుంది. దీన్ని లూప్ చూపిస్తుంది గానీ నిర్ధారించాలంటే రెండు వైపులూ ఫొటో తీసి, ఒకదాన్ని అడ్డంగా తిరగేసి, ఆ నాణెం రెండు వైపులూ ఒకదానికొకటి ఎలా తిరిగి ఉంటాయో ఆ లెక్కన తిప్పి, రెండోదాని మీద పరచాలి. గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే క్లాష్. ఎక్కడో ఒక గీత కలిసిందని మిగతా వాటిని పట్టించుకోకపోతే తప్పు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది డబుల్ ముద్రల దగ్గర. తేదీ రెండుసార్లు కనిపించగానే డబుల్డ్ డై అని రాసి అమ్మకానికి పెట్టేస్తారు. నూటికి ఎక్కువ భాగం మెషిన్ డబ్లింగ్. రెంటి పుట్టుకే వేరు. డబుల్డ్ డైలో తప్పు డై తయారైనప్పుడే జరిగింది: హబ్ అనే మూల ముద్రతో డైని ఒకటికి రెండుసార్లు నొక్కేటప్పుడు రెండోసారి కాస్త పక్కకి జరిగింది. కాబట్టి రెండు ముద్రలూ నిండుగా, గుండ్రటి భుజాలతో ఉంటాయి. అక్షరం లావెక్కుతుంది. లూప్‌లో అక్షరాల పాదాల కొనలు చూడండి, అక్కడ చీలిక, వీ ఆకారపు గంటు కనిపిస్తుంది. రెండు ముద్రల మధ్య సన్నటి విడదీసే గీత ఉంటుంది.

మెషిన్ డబ్లింగ్‌లో తప్పు నాణెం కొట్టాక ఆ క్షణంలో జరిగింది. వదులైన డై అదిరి, అప్పుడే లేచిన అక్షరం పక్కని గీకి కిందికి అణిచేసింది. అందుకే రెండో ముద్ర బల్లపరుపుగా, నేలకి ఆనుకుని, మెట్టులా ఉంటుంది. అప్పుడే కోసిన లోహం కనుక మెరుస్తుంది. ఆ మెట్టు అక్షరం లోంచే తీసుకున్నది, అందుకని పై అక్షరం మామూలు కంటే సన్నబడుతుంది. అదనంగా ఉంటే డై తప్పు, అక్షరంలోంచి తరిగితే యంత్రం అదురు. టంకశాల గుర్తు మీద కూడా అదే వైపు మెట్టు ఉంటే అది యంత్రం అదురేనన్న నమ్మకం ఇంకా పెరుగుతుంది. పాత రోజుల్లో ఆ గుర్తుని డై మీద విడిగా, చేత్తో కొట్టేవారు కనుక హబ్ తప్పు దాని మీదికి రావడానికి వీల్లేదు.

మూడో రకం అరిగిన డైది. అక్షరాల అంచులు మసకబారి, లోహం అంచు వైపు పారినట్టు, నేల నారింజ తొక్కలా కనిపిస్తుంది. 1955 సెంట్లలో రెండు రకాలూ ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో పుట్టిన అసలు డబుల్డ్ డై నాణెంలో బొమ్మ వైపు తేదీ, లిబర్టీ, పైనున్న వాక్యం అంతా కంటికే విడివిడిగా కనిపిస్తాయి, బొరుసు వైపు మామూలుగా ఉంటుంది. అదే ఏడాది అరిగిన డైతో కొట్టిన సెంట్లలో చివరి 5 మాత్రం కాస్త రెండుగా కనిపిస్తుంది. దీన్ని పేదవాడి డబుల్డ్ డై అని పిలుస్తారు, దీని విలువ చాలా చాలా తక్కువ. ఈ రెంటినీ విడదీయడానికి లూప్ కూడా అక్కర్లేదు, మొదటిది ఒక్కసారి ఫొటోలో చూసి ఉంటే చాలు.

లూప్ చేతకాని చోట్లు కూడా ఉన్నాయి. బిళ్ళ తప్పులన్నిటికీ తూనిక కావాలి. 0.01 గ్రాము చూపించే తూనికే కొనాలి. అమెరికా కంచు సెంటు బరువు 3.11 గ్రాములు, అటూ ఇటూ 0.13 గ్రాములు ఆమోదం. 0.1 గ్రాము తూనిక మీద ఈ తేడా సరిగ్గా తేలదు. 1957 ఒక నయా పైసా మొత్తం బరువే 1.5 గ్రాములు. తూనికని ఫ్యాను కింద పెట్టకండి, ఆ గాలికే చివరి అంకె ఆడుతుంది. తెలిసిన బరువు రాయితో రోజూ సరిచూసుకోవాలి. అయస్కాంతం కూడా పక్కన పెట్టుకోండి: 1943 సెంటు జింకు పూసిన ఉక్కుది, 2.70 గ్రాములు, అంటుకుంటుంది. రాగిరంగు 1943 సెంటు అయస్కాంతానికి అంటుకుంటే రాగి పూత వేసిన మామూలు నాణెమే. అంటుకోకుండా 3.11 గ్రాములు తూగితే అప్పుడు లూప్ తీసి 3 అంకె చుట్టూ చూడాలి, 1948లోని 8ని కోసి 3 చేసినవి ఉన్నాయి.

అంచు గుండ్రంగా కొరికినట్టున్న నాణేల్లో, నిజమైనవైతే కొరికిన చోటికి సరిగ్గా ఎదుటి అంచు బలహీనంగా ఉంటుంది. బిళ్ళకి అంచు ఎత్తే యంత్రంలో ఒక పక్క లోహం లేకపోతే ఎదుటి పక్క ఒత్తిడి పడదు. దీన్ని బ్లేక్స్‌లీ గుర్తు అంటారు. అన్నిటిలోనూ రాదు, కానీ వస్తే మంచి సాక్ష్యం. కొరికిన చోటు పక్కన అక్షరాలు ఆ వైపుకి సాగి, పలచబడి ఉండాలి. అక్షరాలు కత్తిరించినట్టు తెగి ఉండి, అంచు మీద ఆకురాయి గీతలు లూప్‌లో కనిపిస్తే అది ఇంట్లో కోసినది. లోహంలో మలినం వల్ల పెచ్చు లేవడం, కొట్టేటప్పుడు బిళ్ళని చుట్టూ పట్టి ఉంచే కాలర్ అనే ఉంగరం లేక నాణెం వెడల్పు కావడం వంటివి పెద్దగా మోసం చేయవు. వెడల్పు కొలవడానికి ప్లాస్టిక్ కాలిపర్ వాడండి, ఉక్కుది గీతలు పెడుతుంది.

డైలు తప్పు జోడీ పడిన నాణేలకి చదవడం వస్తే చాలు. 1983 బ్రిటన్ 2 పెన్నీల్లో కొన్నిటి మీద టూ పెన్స్ బదులు పాత న్యూ పెన్స్ ఉంది. 2008 నాటి 20 పెన్నీల్లో కొన్నిటికి ఏ వైపూ తేదీయే లేదు.

యూఎస్‌బీ మైక్రోస్కోపుతో పోలిస్తే? ఫొటో తీయడానికి, ఇతరులకి చూపించడానికి అది మేలు. గుర్తించడానికి మాత్రం లూపే మేలు. ఆ మైక్రోస్కోపుల్లో దీపాలు కటకం చుట్టూ గుండ్రంగా ఉంటాయి, వెలుగు నాలుగు పక్కల నుంచీ పడుతుంది, నీడలు చచ్చిపోతాయి. ఎత్తా పల్లమా అన్న ప్రశ్నకి జవాబే పోతుంది. కొంటే ఆ దీపాలు పూర్తిగా ఆర్పే వీలున్నది కొని, పక్క దీపంతో వాడండి. పెట్టె మీది 1000 రెట్లలో చాలా భాగం బొమ్మని తెర మీద సాగదీయడమే. అంత దగ్గరికి పోతే ప్రతి నాణెం మీదా గుంటలూ గట్లూ దొరుకుతాయి, వాటిలో లోపాలు కానివే ఎక్కువ. లూప్‌లోనే దీపం ఉన్న రకాలకీ ఇదే మాట.

20 రెట్ల ట్రిప్లెట్ రెండో లూప్‌గా పనికొస్తుంది, మొదటిదిగా కాదు. టంకశాల గుర్తుని రెండుసార్లు కొట్టిన చోట కొనల్ని చూడటానికి సరిపోతుంది, కానీ కనిపించే చోటు ఇరుకు, నాణేనికి దూరం 12 మిల్లీమీటర్లే, చెయ్యి జారితే లోహపు చట్రం నాణెం మీద గీత పెడుతుంది. రాశి పోసిన నాణేల్ని వేగంగా ఏరాలంటే 5 రెట్లది హాయి. అనుమానం వచ్చినదాన్ని 10కి మార్చుకోవచ్చు.

ఈ రకం లూపుల్లో లోపాలు లేకపోలేదు. మడత పెట్టే చోట మర కొన్ని నెలలకి వదులవుతుంది, చిన్న స్క్రూడ్రైవరు దగ్గర ఉంచుకోవాలి. మర లేకుండా రివెట్ కొట్టినవి బిగించలేం, వాటిని వదిలేయండి. అతుకు జిగురుకి ద్రావకాలు పడవు, స్పిరిట్‌లో ముంచి కడగకూడదు. గాలి బుడ్డితో దుమ్ము ఊది, కళ్ళజోడు గుడ్డతో తుడిస్తే చాలు. మెరిసే చట్రం కన్నా నల్ల చట్రం తీసుకోండి, మెరిసేదాని నుంచి వెలుగు తిరిగి నాణెం మీద పడి అబద్ధపు మెరుపులు పుట్టిస్తుంది. అద్దం వెడల్పు 18 నుంచి 21 మిల్లీమీటర్లు ఉంటే కళ్ళజోడు ఉన్నవాళ్ళకి కూడా ఇబ్బంది ఉండదు.

చూసే ముందు నాణేన్ని తోమొద్దు. మట్టి అడ్డొస్తే ఉత్త నీళ్ళలో నానబెట్టి, రుద్దకుండా గుడ్డ మీద ఆరనివ్వండి. డై గుంటలో జిడ్డు చేరి అక్షరాలు సరిగ్గా పడని నాణేనికీ, అక్షరాల మీద మట్టి కప్పిన నాణేనికీ తేడా అప్పుడే లూప్‌లో తెలుస్తుంది.